మెయిల్ సర్వరు లేని నెట్ కనెక్షన్: ఈమెయిలు బయటికి వెళ్లే దారులు

ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీయే ఈమెయిలు పంపే సర్వరు కూడా ఇవ్వడం ఒకప్పటి పద్ధతి. ఇప్పుడు హైదరాబాదులో కొత్తగా ఫైబర్ లైను పెట్టించుకుంటే రూటరు వస్తుంది, వైఫై పాస్‌వర్డు వస్తుంది, ఓటీటీ ప్యాకేజీ కూడా రావచ్చు. ఈమెయిలు చిరునామా గానీ, ఉత్తరాలను బయటికి చేరవేసే సర్వరు గానీ సాధారణంగా రావు. బ్రౌజరులో జీమెయిల్ తెరిచి వాడుకునేవారికి ఈ లోటు తెలియనే తెలియదు. థండర్‌బర్డ్, ఔట్‌లుక్ వంటి ప్రోగ్రాములు వాడేవారికి, స్కాన్ చేసిన కాగితాన్ని నేరుగా మెయిలు చేసే జిరాక్స్ మిషన్లకు, టాలీ నుంచి బిల్లులు పంపే దుకాణాలకు, వెబ్‌సైట్లు రాయడం నేర్చుకునే విద్యార్థులకు మాత్రం సెట్టింగుల్లో 'అవుట్‌గోయింగ్ సర్వర్' అన్న గడి దగ్గర పని ఆగిపోతుంది.

అమీర్‌పేటకూ జూబ్లీహిల్స్‌కూ నడుమ, యూసఫ్‌గూడను ఆనుకుని ఉన్న కృష్ణానగర్‌లో ఇలాంటి అవసరాలు అడుగడుగునా ఉన్నాయి. ఒకవైపు సారథి స్టూడియోస్, మరోవైపు అన్నపూర్ణ స్టూడియోస్ అందుబాటులో ఉండడంతో జూనియర్ ఆర్టిస్టులు, డబ్బింగ్ కళాకారులు, అసిస్టెంట్ డైరెక్టర్లు, కాస్ట్యూములు అద్దెకిచ్చేవారు, ఎడిటింగ్ గదులు నడిపేవారు ఇక్కడ చేరారు. ఫొటోలు, ప్రొఫైళ్లు, అగ్రిమెంట్లు, బిల్లులు మెయిళ్లలో తిరుగుతుంటాయి. దగ్గర్లోనే అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్లున్నాయి. అక్కడ చదువుతూ ఈ గల్లీల్లో గదులు తీసుకున్నవారు తమ ప్రాజెక్టు నుంచి మొదటి మెయిలు పంపబోయి ఇదే అడ్డంకిని చూస్తారు.

తెచ్చుకోవడం వేరు, పంపడం వేరు

ఈమెయిలు ప్రోగ్రాము ఒక సర్వరుతో కాదు, రెండింటితో పని చేస్తుంది. వచ్చిన ఉత్తరాలను తెచ్చుకోవడానికి ఐమ్యాప్ లేదా పాప్ అనే పద్ధతి, రాసినదాన్ని పంపడానికి ఎస్ఎంటీపీ. అందుకే ఇన్‌బాక్సు ఎప్పటిలా నిండుతూనే ఉంటుంది, అవుట్‌బాక్సులో మాత్రం ఉత్తరాలు పేరుకుపోతాయి. నెట్ బాగానే ఉంది కదా అని వాడేవారు తికమకపడేది ఇక్కడే.

ఎస్ఎంటీపీ నిబంధనలను అమెరికాలో జాన్ పోస్టెల్ 1982 ఆగస్టులో ఆర్ఎఫ్‌సీ 821 అనే పత్రంగా వెలువరించాడు. అందులో పాస్‌వర్డు ఊసే లేదు. నెట్‌వర్కులో ఉన్నవారంతా విశ్వవిద్యాలయాలకు, పరిశోధన సంస్థలకు చెందినవారు. ఎవరి ఉత్తరాన్నయినా ఏ సర్వరయినా తీసుకుని ముందుకు పంపేది.

ఉత్తరం ప్రయాణంలో రెండు మజిలీలున్నాయి. మొదటిది, రాసినవారి కంప్యూటరు నుంచి వారి తరఫున పంపే సర్వరుకు. రెండోది, ఆ సర్వరు నుంచి అందుకునేవారి సర్వరుకు. అందుకునేవారి సర్వరు ఆచూకీ వారి డొమైన్ పేరుకు సంబంధించిన ఎంఎక్స్ రికార్డులో దొరుకుతుంది. మొదట్లో రెండు మజిలీలకూ 25వ పోర్టే ద్వారం. 1998 డిసెంబరులో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 2476 మొదటి మజిలీకి 587వ పోర్టును విడిగా కేటాయించింది. 1999 మార్చిలో ఆర్ఎఫ్‌సీ 2554 పంపేవారు తామెవరో నిరూపించుకునే పద్ధతిని చేర్చింది. కనెక్షన్ మొదలైన క్షణం నుంచే ఎన్‌క్రిప్షన్‌లో నడిచే 465వ పోర్టును 2018 జనవరిలో ఆర్ఎఫ్‌సీ 8314 సిఫారసు చేసింది. నెట్ కంపెనీ ఏ సర్వరూ ఇవ్వకపోయినా మెయిలు పంపగలగడానికి ఈ మూడు నిర్ణయాలే ఆధారం.

587వ పోర్టు దగ్గర జరిగే సంభాషణ చూస్తే విషయం తేటపడుతుంది. తలుపు తట్టగానే సర్వరు 220 అంటుంది, అంటే సిద్ధంగా ఉన్నానని. కంప్యూటరు తన పేరు చెప్పుకుని, ఎన్‌క్రిప్షన్ మొదలుపెడదామని అడుగుతుంది. ఆ తెర పడ్డాక యూజర్‌నేమ్, పాస్‌వర్డు ఇస్తుంది. సరిపోతే 235 అని జవాబు. తర్వాత పంపేవారి చిరునామాకు ఒక 250, అందుకునేవారి చిరునామాకు మరో 250. ఉత్తరం చెప్పమంటూ 354. చివర ఒక లైనులో ఒంటరి చుక్క పెడితే ఉత్తరం పూర్తయినట్టు. సర్వరు మళ్లీ 250 అంటుంది. అక్కడి నుంచి బాధ్యత సర్వరుది. ఈ మాటల్లో ఎక్కడా 'నీకు నెట్ ఇచ్చింది ఎవరు' అన్న ప్రశ్న లేదు. 'నువ్వెవరు' అన్నదే ప్రశ్న.

కనెక్షనుతోపాటు సర్వరు వచ్చిన రోజులు

భారతదేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ లిమిటెడ్ ద్వారా అందింది. ఫోను లైనుకు మోడెమ్ తగిలించి డయల్ చేయాలి. అక్షరాలు మాత్రమే కనిపించే షెల్ అకౌంటు చవక. బొమ్మలు కూడా కనిపించే టీసీపీ/ఐపీ అకౌంటు ఖరీదు. హైదరాబాదు ఖాతాదారుల చిరునామాల్లో హెచ్‌డీ1, హెచ్‌డీ2 అన్న గుర్తులు ఉండేవి. విజిటింగ్ కార్డు మీద అలాంటి చిరునామా అచ్చు వేయించుకోవడం ఆ రోజుల్లో హోదా.

1998 నవంబరులో ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరుచుకున్నాయి. సత్యం ఇన్ఫోవే మొదటి ప్రైవేటు సంస్థగా రంగంలోకి దిగింది. హైదరాబాదు నుంచి నెట్‌లింక్స్, సదరన్ ఆన్‌లైన్, పయనీర్ ఆన్‌లైన్ వంటివి నడిచాయి. 2000 అక్టోబరు 1న పని మొదలుపెట్టిన బీఎస్ఎన్ఎల్ సంచార్‌నెట్ పేరుతో చిరునామాలిచ్చింది. ఆ కాలంలో కనెక్షన్ కొనడమంటే ఒక చిరునామా, ఒక మెయిల్‌బాక్సు, ఒక పంపే సర్వరు కలిపి కొనడమే.

ఆ సర్వర్లు పాస్‌వర్డు అడిగేవి కావు. తమ నెట్‌వర్కులోంచి వచ్చిన ఐపీ అడ్రసు అయితే చాలు, ఉత్తరం తీసుకునేవి. ఇంట్లో పనిచేసిన సెట్టింగు వేరే కంపెనీ లైనున్న ఆఫీసులో పనిచేయకపోవడానికి కారణం ఇదే. కంపెనీ మారితే చిరునామా కూడా పోయేది. పాత కార్డులు, లెటర్‌హెడ్లు, బోర్డులు అన్నీ మార్చుకోవలసి వచ్చేది.

ఈ ముడిని విప్పింది వెబ్‌మెయిల్. సబీర్ భాటియా, జాక్ స్మిత్ 1996 జులై 4న హాట్‌మెయిల్ మొదలుపెట్టారు. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ వచ్చింది. కనెక్షన్ ఎవరిదైనా చిరునామా ఒకటే అన్న అలవాటు పడిన తర్వాత, ఖర్చు తప్ప రాబడి లేని మెయిల్ సర్వర్లను నెట్ కంపెనీలు వదిలించుకోవడం మొదలుపెట్టాయి. అమెరికాలో వెరైజన్ 2017లో తన మెయిలు సేవ నుంచి తప్పుకుంది. ఆస్ట్రేలియాలో టీపీజీ సంస్థ 2023లో తన ఖాతాదారుల మెయిల్‌బాక్సులను వేరే కంపెనీకి అప్పగించింది. ఫైబర్ యుగంలో పుట్టిన కంపెనీల్లో చాలావాటికి ఆ భారం మొదటి నుంచీ లేదు.

25వ పోర్టుకు తాళం

నెట్ కంపెనీ సర్వరు ఇవ్వకపోతే, మన కంప్యూటరే అందుకునేవారి సర్వరుతో నేరుగా మాట్లాడవచ్చు కదా అన్న ఆలోచన సహజం. నిబంధనలు కాదనవు, వాస్తవం ఒప్పుకోదు.

1978 మే 3న డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీ మార్కెటింగ్ ఉద్యోగి గ్యారీ థ్యుర్క్ అర్పానెట్‌లో సుమారు 400 మందికి కంప్యూటర్ల ప్రకటన పంపాడు. అడగని ప్రకటనలకు, అంటే స్పామ్‌కు, ఆద్యం అదే అంటారు. 1990లలో స్పామర్లు ఎవరి ఉత్తరమైనా మోసే సర్వర్లను ఆక్రమించుకున్నారు. వాటికి గొళ్లెం పడేసరికి సామాన్యుల ఇళ్లలోని కంప్యూటర్ల మీదికి వచ్చారు. 2003 ఆగస్టులో వ్యాపించిన సోబిగ్ వైరస్ తనతోపాటు సొంత ఎస్ఎంటీపీ ఇంజనును మోసుకొచ్చింది. సోకిన కంప్యూటరు యజమానికి తెలియకుండానే ఉత్తరాలు వెదజల్లేది.

దీనికి రెండువైపులా కట్టడి వచ్చింది. నెట్ కంపెనీలు ఇళ్ల కనెక్షన్ల నుంచి 25వ పోర్టు మీదుగా బయటికి వెళ్లే దారిని మూసేశాయి. ఉత్తరాలు అందుకునే సర్వర్లు ఇళ్లకు కేటాయించిన ఐపీ అడ్రసుల జాబితాలు పెట్టుకుని, అక్కడి నుంచి నేరుగా వచ్చినదాన్ని తిప్పికొట్టసాగాయి. 1998లో స్టీవ్ లిన్‌ఫోర్డ్ స్థాపించిన స్పామ్‌హౌస్ సంస్థ నడిపే పీబీఎల్ అటువంటి జాబితా. అందులో పేరుండడం తప్పు చేసినట్టు కాదు. ఆ అడ్రసు నుంచి నేరుగా మెయిలు రాకూడదన్న విధానం మాత్రమే.

మరో చిక్కు ఐపీ అడ్రసుల కొరత. ఆసియా పసిఫిక్ ప్రాంతానికి అడ్రసులు పంచే ఏప్‌నిక్ 2011 ఏప్రిల్ 15న తన చివరి పెద్ద నిల్వకు చేరుకుంది. ఆ తర్వాత ఎందరో ఖాతాదారులను ఒకే బయటి అడ్రసు వెనక ఉంచే పద్ధతి విస్తరించింది. రూటరు సెట్టింగుల్లో 'వాన్ ఐపీ' 100.64 నుంచి 100.127 మధ్య అంకెలతో మొదలైతే ఆ కనెక్షన్ అలాంటిదే. వీధి చివర ఎవరో ఒకరి కంప్యూటరుకు వైరస్ సోకి ఆ అడ్రసుకు చెడ్డపేరు వస్తే, దాని వెనకున్న అందరికీ ఆ మచ్చ అంటుతుంది.

ఇంటి కనెక్షన్ నుంచి నేరుగా పంపిన ఉత్తరాన్ని జీమెయిల్ 550 అనే అంకెతో తిప్పి పంపుతూ, మీ సర్వీస్ ప్రొవైడరు ఇచ్చే ఎస్ఎంటీపీ రిలే, అంటే ఉత్తరాలను ముందుకు చేరవేసే సర్వరు, వాడుకోండని చెబుతుంది. ప్రొవైడరు దగ్గర రిలేయే లేనప్పుడు ఈ సలహా చదివినవారు దారీతెన్నూ తోచక ఆగిపోతారు. అక్కడ ప్రొవైడరు అంటే నెట్ కంపెనీయే కానక్కరలేదు. చిరునామా ఇచ్చిన సంస్థ కావచ్చు, డబ్బు తీసుకుని ఉత్తరాలు చేరవేసే సంస్థ కావచ్చు. పంపేవారి తరఫున పూచీ పడేవారు ఒకరుండాలి, అంతే.

చిరునామా ఇచ్చినవారి సర్వరు

అందరికీ సులువైన దారి ఇదే. జీమెయిల్ చిరునామా ఉంటే జీమెయిల్ ఎస్ఎంటీపీ సర్వరు, యాహూ ఉంటే యాహూది, జోహో ఉంటే జోహోది. పోర్టు 465 అయితే 'ఎస్ఎస్ఎల్/టీఎల్ఎస్', 587 అయితే 'స్టార్ట్‌టీఎల్ఎస్' ఎంచుకోవాలి. యూజర్‌నేమ్ గడిలో పూర్తి ఈమెయిలు చిరునామా రాయాలి. 'సర్వరుకు పాస్‌వర్డు కావాలి' అన్న చోట టిక్కు పెట్టాలి. తొంభైల నాటి అలవాటుతో దాన్ని ఖాళీగా వదిలేస్తే ఉత్తరం కదలదు.

పాస్‌వర్డు దగ్గర మరో మెలిక ఉంది. గూగుల్ 2022 మే 30 నుంచి మామూలు జీమెయిల్ ఖాతాల్లో అసలు పాస్‌వర్డును ఇతర ప్రోగ్రాములు వాడడాన్ని ఆపేసింది. థండర్‌బర్డ్ వంటివి బ్రౌజరు కిటికీ తెరిచి గూగుల్ దగ్గరే లాగిన్ చేయిస్తాయి. ఆ సదుపాయం లేని మిషన్లకు, ఖాతాలో టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకుని 16 అక్షరాల 'యాప్ పాస్‌వర్డు' తీసుకోవాలి. మైక్రోసాఫ్ట్ కూడా ఔట్‌లుక్ వ్యక్తిగత ఖాతాల్లో ఉత్త పాస్‌వర్డు పద్ధతిని 2024 సెప్టెంబరు 16న ముగించింది. ఏళ్ల తరబడి మెయిళ్లు పంపుతూ వచ్చిన స్కానరు ఒక ఉదయం ఉన్నట్టుండి మొరాయిస్తే, చాలాసార్లు మిషన్ చెడిపోయి కాదు, ఈ మార్పు వల్లే.

ఈ దారికి హద్దులున్నాయి. మామూలు జీమెయిల్ ఖాతా నుంచి రోజుకు 500 మందికి మించి పంపనివ్వరు. జోడించే ఫైళ్లకు 25 ఎంబీ పరిమితి. పైగా ఫొటోలు, వీడియోలు ఈమెయిలులో అక్షరాల రూపంలోకి మారి ప్రయాణిస్తాయి. ప్రతి 3 బైట్లకు 4 అక్షరాలు పడతాయి. 20 ఎంబీ పోర్ట్‌ఫోలియో దారిలో సుమారు 27 ఎంబీ అవుతుంది. ఆడిషనుకు ఫొటోలు పంపే కళాకారులు ఫైళ్లను డ్రైవులో పెట్టి లింకు పంపడం మేలు.

సొంత డొమైన్

డొమైన్ పేరు సొంతంగా ఉంటే చిరునామా నెట్ కంపెనీతోనూ, మెయిలు కంపెనీతోనూ ముడిపడి ఉండదు. ఏ సర్వరు ద్వారా పంపినా పేరు మారదు. .ఇన్ డొమైన్లు 2005 జనవరి నుంచి నిక్సీ సంస్థ ఆధ్వర్యంలో ఎవరైనా సులువుగా తీసుకునేలా అందుబాటులోకి వచ్చాయి. చెన్నై కేంద్రంగా ఎదిగిన జోహో, గూగుల్ వర్క్‌స్పేస్, మైక్రోసాఫ్ట్ 365 వంటివి సొంత డొమైన్ మీద మెయిల్‌బాక్సులిస్తాయి. వర్క్‌స్పేస్‌లో రోజువారీ పరిమితి 2,000 ఉత్తరాలు.

పేరు సొంతమైనప్పుడు దాన్ని కాపాడుకునే బాధ్యత కూడా సొంతమే. అందుకు డొమైన్ పేర్ల వివరాలుండే డీఎన్ఎస్‌లో మూడు రికార్డులు పెట్టాలి. ఎస్పీఎఫ్ ఈ డొమైన్ పేరుతో ఏయే సర్వర్లు పంపవచ్చో చెబుతుంది. డీకిమ్ ప్రతి ఉత్తరానికీ గణిత సంతకం చేస్తుంది. డీమార్క్, కనిపించే చిరునామాతో ఆ రెండూ పొసగకపోతే ఏం చేయాలో అందుకునేవారికి సూచిస్తుంది. ఎస్పీఎఫ్ తనిఖీలో పదికి మించి డీఎన్ఎస్ వెతుకులాటలు ఉండకూడదన్న నియమముంది. మెయిల్‌బాక్సుకొకటి, బిల్లులకొకటి, ప్రచారానికొకటి అంటూ సేవలు కలుపుతూ పోతే ఆ హద్దు దాటి రికార్డే చెల్లకుండా పోతుంది.

2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈ నియమాలను బిగించాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా పంపేవారికి మూడు రికార్డులూ తప్పనిసరి; స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం లోపే ఉండాలి. సినిమా రంగానికి ఈ ఏర్పాటు ప్రాణావసరం. పేరున్న నిర్మాణ సంస్థల పేరిట నకిలీ ఆడిషన్ పిలుపులు పంపి డబ్బు గుంజేవారున్నారు. డీమార్క్‌ను కఠినంగా పెట్టుకున్న సంస్థ డొమైన్ పేరుతో పంపిన దొంగ ఉత్తరం ఇన్‌బాక్సు చేరడం చాలా కష్టం. అవకాశం కోసం ఊరు వదిలి వచ్చిన కుర్రాళ్లకు, అమ్మాయిలకు అది నిజమైన రక్షణ.

ప్రోగ్రాములు, మిషన్లు

అమీర్‌పేట కోచింగుల్లో పీహెచ్‌పీ నేర్చుకునేవారు విండోస్ ల్యాప్‌టాప్‌లో 'మెయిల్' అనే ఫంక్షను రాసి నడిపితే కనెక్ట్ కాలేదన్న హెచ్చరిక వస్తుంది. పీహెచ్‌పీ సెట్టింగుల ఫైలులో సర్వరు పేరు 'లోకల్‌హోస్ట్' అనీ, పోర్టు 25 అనీ ముందే రాసి ఉంటుంది. అంటే ఆ ల్యాప్‌టాప్‌లోనే మెయిల్ సర్వరు ఉందని దాని నమ్మకం. అక్కడ ఎవరూ లేరు. పీహెచ్‌పీమెయిలర్ వంటి లైబ్రరీ పెట్టి, చిరునామా ఇచ్చిన సంస్థ సర్వరు, 587వ పోర్టు, యాప్ పాస్‌వర్డు ఇస్తే పని జరుగుతుంది. జావాలో జకార్తా మెయిల్‌గా పేరు మారిన జావామెయిల్‌కు, పైథాన్‌లో ఎస్ఎంటీపీలిబ్‌కు కూడా కావలసినవి ఇవే. పాస్‌వర్డును ప్రోగ్రాములోనే రాసి గిట్‌హబ్‌లో పెట్టడం మాత్రం తాళంచెవి గుమ్మానికి వేలాడదీయడమే.

లినక్స్ సర్వర్లలో పోస్ట్‌ఫిక్స్ వాడతారు. వీట్సే వెనెమా రాసిన ఈ ప్రోగ్రాము 1998లో విడుదలైంది. దాని 'రిలేహోస్ట్' సెట్టింగులో బయటి సర్వరు పేరు రాస్తే, ఆఫీసులోని కంప్యూటర్లన్నీ పోస్ట్‌ఫిక్స్‌కు ఉత్తరాలిస్తాయి, అది ఒకే పాస్‌వర్డుతో అన్నింటినీ పంపుతుంది. కొత్త ఎన్‌క్రిప్షన్ తెలియని పాత జిరాక్స్ మిషన్లు, సీసీ కెమెరా పెట్టెలు ఉన్న ఆఫీసుకు ఇది మంచి ఉపాయం.

సొంత సర్వరు నడపాలంటే

మధ్యవర్తి లేకుండా అంతా తామే చూసుకోవాలనుకునేవారికి మూడు కావాలి: మారని ఐపీ అడ్రసు, తెరిచి ఉన్న 25వ పోర్టు, ఆ అడ్రసు నుంచి డొమైన్ పేరును చూపే పీటీఆర్ రికార్డు. పీటీఆర్ పెట్టే అధికారం అడ్రసు యజమానిది, అంటే నెట్ కంపెనీది. ఇళ్ల ప్లాన్లలో ఇవి దొరకడం అరుదు. ఆఫీసుల కోసం అమ్మే లీజు లైన్లలో అడిగి తీసుకోవచ్చు.

క్లౌడ్‌లో సర్వరు అద్దెకు తీసుకున్నా తప్పించుకోలేరు. అమెజాన్ ఈసీ2, గూగుల్ క్లౌడ్, డిజిటల్ ఓషన్ కూడా 25వ పోర్టును కట్టడి చేస్తాయి. అందుకే వెబ్‌సైట్లు, యాప్‌లు నడిపేవారు అమెజాన్ ఎస్ఈఎస్ (2011లో మొదలైంది), సెండ్‌గ్రిడ్, జోహో జెప్టోమెయిల్ వంటి చేరవేత సేవల వైపు వెళ్తారు. ఎస్ఈఎస్ కొత్త ఖాతాదారులను మొదట రోజుకు 200 ఉత్తరాల పరీక్షా హద్దులో ఉంచి, తీరు చూశాకే వదులుతుంది.

ఉత్తరం ఆగితే

ఎర్రటి హెచ్చరికను మూసేయకుండా అందులోని అంకె చదవాలి. ఎంతసేపటికీ జవాబు లేక టైమవుట్ అయితే పోర్టు మూసి ఉందని అర్థం. 25కు బదులు 587 గానీ 465 గానీ పెట్టాలి. ఫోను హాట్‌స్పాట్‌తో అదే ఉత్తరం వెళ్తే అడ్డు ఇంటి లైనులో ఉన్నట్టే. 535 అంటే పాస్‌వర్డు తప్పు, లేదా యాప్ పాస్‌వర్డు కావాలి. 550, 554 అంకెలు తిరస్కరణలు. పక్కనున్న వాక్యంలో జాబితా పేరు గానీ, ఎస్పీఎఫ్, డీమార్క్ మాటలు గానీ కనిపిస్తే కారణం అక్కడే ఉంది. 4తో మొదలయ్యేవి తాత్కాలికం. సర్వరు కాసేపాగి తనంతట తానే మళ్లీ ప్రయత్నిస్తుంది.

తెలుగు చిరునామాలు

పంపే సర్వరును ఎంచుకునేటప్పుడు తెలుగువారు అడగవలసిన మరో ప్రశ్న, తెలుగు లిపి చిరునామాను అది మోయగలదా అన్నది. ఎస్ఎంటీపీ పుట్టింది రోమను అక్షరాలతో. 2012 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 6531 'ఎస్ఎంటీపీయూటీఎఫ్8' అనే చేర్పుతో చిరునామాలోనూ ఏ లిపినైనా అనుమతించింది. తెలుగు లిపిలో .భారత్ డొమైన్ ఉంది. 2014 ఆగస్టు నుంచి జీమెయిల్ ఇతర లిపుల చిరునామాలకు ఉత్తరాలు పంపుతోంది, వాటి నుంచి అందుకుంటోంది. దారిలో ఒక్క సర్వరుకు ఈ చేర్పు తెలియకపోయినా తెలుగు చిరునామా ఉన్న ఉత్తరం వెనక్కి వస్తుంది. సర్వరును పలకరించగానే అది 250 అంటూ తనకు చేతనైనవన్నీ ఏకరువు పెడుతుంది; ఆ వరసలో ఎస్ఎంటీపీయూటీఎఫ్8 ఉందో లేదో చూసుకుంటే, డబ్బు కట్టకముందే జవాబు దొరుకుతుంది.